పండును కొయ్యాలా, చీల్చాలా?

చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాం.

వాళ్ల మామగారికి 74 ఏళ్లు. షుగరుంది, ఈ మధ్యే కట్టుడు పళ్లు పెట్టించారు. నెలకు రెండుసార్లు ఆయన్ని బస్సులో వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లే పని ఈమెదే. తెల్లారి బయల్దేరితే ఇల్లు చేరేసరికి సాయంత్రం అవుతుంది. మధ్యలో ఆయన ఆకలికి జామ, కీర, ఆపిల్, కాలమొస్తే ఒకటి రెండు ముక్కలు మామిడి. ఏదైనా పల్చగా కోసి పెడితేనే నమలగలరు. జామగింజ ఒక్కటి పళ్ల కింద ఇరుక్కుంటే ఆ పూటంతా నోరు మంటే.

దుబాయ్‌లో ఉన్న అన్న పోయినేడు వచ్చినప్పుడు చెల్లెలికి పనికొస్తుందని ఒక మడత చాకు తెచ్చిచ్చారు. నల్లగా బరువుగా, ఒంటి చేత్తో టక్కున తెరుచుకునే ఖరీదైన చాకు. దాంతో జామకాయ కోస్తే బ్లేడు సగం దిగుతుంది, అక్కణ్ణుంచి కాయ దానంతటదే పగిలిపోతుంది. మామిడి రసం మడతలోకి పోయి బంక కట్టి, మర్నాటికి పులిసిన వాసన కొడుతుంది. ఒకరోజు మూస్తుండగా బొటనవేలు తెగి రెండు కుట్లు పడ్డాయి. మామగారు దాన్ని చూసి, "ఇది చాకా, కొడవలికి తమ్ముడా?" అని, తోట రోజుల నాటి తన పాత ఇనప చాకు తీయించారు. అది వెన్నలా కోస్తుంది, కానీ ముక్క అంచులు నల్లబడి ఇనప రుచి వస్తుంది. "ఇంట్లోనే కోసి డబ్బాలో పెట్టుకుపోతే పోయేదానికి బస్సులో చాకెందుకు, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు" అని భర్త. "తోడబుట్టినవాడు ఇచ్చింది మూలన పడేస్తే నొచ్చుకోడా" అని అత్తగారు. మే నెలలో అన్న పిల్లలతో వస్తున్నారు. ఫోన్లో చాకెలా ఉందని అడిగితే ఈమె "బ్రహ్మాండం" అనేశారట. ఇప్పుడు ఏ చాకు కొనాలి, ఉన్నదాన్ని ఏం చెయ్యాలి, అన్నకు ఏం చెప్పాలి? ఇవీ ప్రశ్నలు.

అమ్మా, ముందుగా ఒక మాట. మీకు కొయ్యడం చేతకాక కాదు, మీ అన్న మోసపోయి నాసిరకం కొనీ కాదు. అది మంచి చాకే అయ్యుండొచ్చు, కాకపోతే పండు కోసం పుట్టింది కాదు. చాకంటే పదునుంటే చాలని అందరం అనుకుంటాం. పదును పని చేసేది మొదటి మిల్లీమీటరులోనే. తొక్క తెగాక లోపలికి దిగేది అంచు వెనక ఉన్న లోహం. ఆ లోహం ఎంత మందమో కండ అంత పక్కకు జరగాలి. మీరు రాసిన తీరును బట్టి అది వెన్ను దగ్గర 4 మిల్లీమీటర్లు ఉండే రకం. అలాంటివాటిలో బ్లేడు సగం వెడల్పు దాకా ఒకే మందంగా వచ్చి, అక్కడినుంచి ఒక్కసారిగా అంచుకు వాలుతుంది. జామ, ఆపిల్, క్యారెట్ కరకరలాడేవి, వంగవు. పక్కకు జరగమంటే జరగలేక చాకు కంటే ముందే పగిలిపోతాయి. గొడ్డలి కట్టెను చీల్చేది అచ్చంగా ఇలాగే. మాగిన మామిడైతే పగలదు గానీ నలుగుతుంది, రసమంతా చేతికీ మడతలోకీ పోతుంది. ఆ చాకును ఎన్నిసార్లు సాన పట్టించినా ఈ తీరు మారదు.

తిరుమల నడకదారిలో తోతాపురి ముక్కలు కోసి ఉప్పుకారం చల్లి అమ్మేవాళ్ల చేతిలో చాకును ఈసారి గమనించండి. పిడికి గుడ్డపీలిక చుట్టి ఉంటుంది, చూడ్డానికి ఏమీ ఉండదు. బ్లేడు మాత్రం రేకంత పల్చన. అంత గట్టి పచ్చికాయ కూడా చప్పుడు లేకుండా విసనకర్రలా విచ్చుకుంటుంది.

కాబట్టి కొనేటప్పుడు మొదట చూడాల్సింది బ్లేడు మందం. కొట్లో కొలబద్ద అక్కర్లేదు, పర్సులో రూపాయి బిళ్ల చాలు. దాని మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. బ్లేడు వెన్నును బిళ్ల అంచు పక్కన పెట్టి చూడండి. ఒక బిళ్లంత ఉంటే పండుకు సరిపోతుంది, 2 మిల్లీమీటర్ల వరకు ఫరవాలేదు. రెండు బిళ్లలు కలిపినంత ఉంటే ఎంత బాగున్నా తిరిగి పెట్టెయ్యండి. తర్వాత మొనను మీ కంటివైపు తిప్పి, బ్లేడును నిలువుగా చూడండి. వెన్ను నుంచి అంచు దాకా ఒకే వాలుగా, సన్నబడుతూ దిగాలి. సగంలో గట్టులా విరిగి కిందికి వాలితే వద్దు. పొడవు 7 నుంచి 9 సెంటీమీటర్లు. 7కు తక్కువైతే మాంచి బేనీషా కాయ చెంప ఒక్క కోతలో రాదు, 9 దాటితే చేతిలో పండు పెట్టుకుని తొక్క తియ్యడం కష్టం. అంచు నేరుగా ఉండి మొన దగ్గర కొంచెం పైకి లేవాలి. మొన సన్నగా ఉండాలి, జామగింజలు తియ్యడానికి మీకు కావాల్సింది అదే. రంపపు పళ్లున్నది టమాటాకు, బ్రెడ్డుకు బాగుంటుంది, కానీ ఇంట్లో సాన పట్టలేరు. నల్ల పూతలూ చిల్లులూ చెక్కుళ్లూ ఉన్నవి తిండి పనికి దండగ, రసం నిలవడానికి అదనంగా చోటిచ్చినట్టే.

ఇక లోహం. స్టెయిన్‌లెస్సా, మామగారి చాకు లాంటి కార్బన్ స్టీలా అన్నది మీ ఇంట్లో తగువుగా మారినట్టుంది. నిజానికి ఇద్దరి మాటా సగం సగం ఒప్పు. కార్బన్ స్టీలు తేలిగ్గా సానకు లొంగుతుంది, పదును సన్నగా తేలుతుంది. మామగారి చాకు వెన్నలా కొయ్యడానికి ఇదొక కారణం. అంతకంటే పెద్ద కారణం, ముప్పై నలభై ఏళ్లు సాన పట్టీ పట్టీ అది పల్చబడిపోయి ఉండటం. ఇబ్బందల్లా పులుపుతో. మామిడి, నిమ్మ, టమాటా, ఆపిల్ దేని ఆమ్లమైనా ఇనుముతో కలిసి నలుపు దేలుతుంది, రుచి పాడవుతుంది. ఆ నలుపు తిన్నందువల్ల హాని లేదు. "ఇనుము ఒంటికి మంచిదే" అన్నారట మామగారు. ఆ కాస్తతో ఒంటికి పట్టేదీ ఏమీ లేదు. ప్రతి పండుకూ కోసిన వెంటనే తుడిచి, కడిగి, ఆరబెడితే కొన్నాళ్లకు బ్లేడు మొత్తం బూడిద రంగు పొర కట్టి, ముక్కకు నలుపు అంటడం బాగా తగ్గుతుంది. ఎర్ర తుప్పు వేరు, దాన్ని మాత్రం వెంటనే రుద్ది తీసెయ్యాలి. ఇంత ఓపిక ఇంట్లో కూర్చున్న మనిషికి ఉంటుంది. బస్సు దిగి, టోకెను తీసుకుని, రిపోర్టులు పట్టుకుని వరండాలో నిలబడే మీకు ఉండదు. అందుకని ఇంట్లో మామగారి చేతికి ఆయన చాకే ఇచ్చెయ్యండి, తన పండు తను కోసుకోవడం ఆయనకూ సరదా. ప్రయాణానికి మాత్రం స్టెయిన్‌లెస్. అందులో ఖరీదైన గట్టి రకాల వెంట పడకండి. పెట్టె మీద రాక్‌వెల్ గట్టిదనం (లోహం ఎంత గట్టిదో చెప్పే అంకె, HRC) 55 నుంచి 58 మధ్య రాసి ఉంటే మామూలు రాయి మీద పది నిమిషాల్లో పదునెక్కుతుంది. 60 దాటినవి పదును ఎక్కువకాలం నిలుపుకుంటాయి, మొద్దుబారాక మాత్రం మామూలు రాయికి అంత తేలిగ్గా లొంగవు.

మీ ఉత్తరంలో లేని ప్రశ్న ఒకటి అడుగుతాను. అసలు మడత చాకే ఎందుకు? జేబులో వేసుకునేవాళ్లకు మడత కావాలి. మీరు నీళ్ల సీసా, రిపోర్టుల ఫైలు, తువ్వాలు, పళ్ల డబ్బాతో సంచీ ఎలాగూ మోస్తున్నారు. ఆ సంచీలో ఒర ఉన్న చిన్న పండ్ల చాకు పెట్టుకుంటే మడత లేదు, లాక్ లేదు, రసం దూరే సందు లేదు. కుళాయి కింద పది సెకన్లు పెడితే శుభ్రం. స్టీలు సామాన్ల కొట్లో వంద, రెండు వందల్లో దొరికే 8 సెంటీమీటర్ల బ్లేడుది ఎంత ఖరీదైన మడత చాకు కంటేనైనా పల్చగా కోస్తుంది. ఎర్రటి పసుప్పచ్చటి ప్లాస్టిక్ పిడి ఉంటే చూసేవాళ్లకూ అది వంటింటి చాకే, మీవారు భయపడే చూపులు పడవు. ఒర లేకుండా అమ్మితే టూత్‌బ్రష్ పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా కొలిచి కొనండి, చాలా చాకులు అందులో పట్టేస్తాయి. లేదా పాత నోటుపుస్తకం అట్టను బ్లేడు మీద మడిచి టేపు చుట్టండి. తడిస్తే పారేసి ఇంకోటి చేసుకోవచ్చు. తడి చాకును డబ్బాలో మూసి పెట్టడం ఒక్కటే దీనితో జరిగే పొరపాటు. తువ్వాలుతో తుడిచాకే పెట్టండి, ఇంటికొచ్చాక డబ్బా మూత తీసి ఉంచండి. నన్నడిగితే మొదటి ఓటు దీనికే.

మడతదే కావాలంటే, ఉదాహరణకు సంచీ వెతికే పిల్లలు ఇంట్లో ఉంటే, రెండు రకాలు చూడొచ్చు.

ఒకటి, ఫ్రాన్సులో 1890 నుంచి చేస్తున్న ఒపినెల్. కొయ్య పిడి, పల్చని బ్లేడు, మెడ దగ్గర తిప్పితే బ్లేడును కదలకుండా ఆపే లోహపు రింగు. పల్లెల్లో తిండి కోసుకోవడానికి పుట్టిన చాకు. నంబరు పెరిగే కొద్దీ పొడవు పెరుగుతుంది: 7వ నంబరు బ్లేడు 8 సెంటీమీటర్లు, 8వ నంబరుది ఎనిమిదిన్నర. మీకు ఈ రెండింట్లో ఏదైనా సరిపోతుంది. బ్లేడు మీద "ఇనాక్స్" అని చెక్కి ఉంటే స్టెయిన్‌లెస్, "కార్బోన్" అని ఉంటే మళ్లీ మామగారి చాకే. చూసి కొనండి, బొమ్మలో రెండూ ఒకేలా ఉంటాయి. దీనికి ఒక్క జబ్బుంది. పిడి తడిస్తే కొయ్య ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది, గోరు విరిగేంత లాగినా రాదు. అప్పుడు రింగు తెరిచే స్థితిలో ఉందని చూసుకుని, పిడి వెనక కొసను బల్ల మీద టక్కున కొట్టండి, బ్లేడు కొంచెం బయటికి వస్తుంది, అక్కణ్ణుంచి తియ్యొచ్చు. తర్వాత తెరిచి నీడలో ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. నీళ్లలో నానబెట్టకూడదు, ఎండలో పెట్టకూడదు.

రెండోది స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ ఎర్ర చాకు. మూసినప్పుడు 91 మిల్లీమీటర్ల పొడవుండే రకంలో పెద్ద బ్లేడు పల్చగా ఉంటుంది, పండుకు బాగా దిగుతుంది. పిడి ప్లాస్టిక్, ఉబ్బదు. ఎవరు చూసినా బెదరరు. కానీ మామూలు 91 రకంలో బ్లేడుకు లాక్ లేదు, వెనక స్ప్రింగు ఒత్తిడి మీదే నిలుస్తుంది. కోసేటప్పుడు బలం అంచు వైపు పడుతుంది కాబట్టి ఏమీ కాదు. మొనతో గుచ్చి తవ్వేటప్పుడు, అంటే మీరు జామగింజలు తీసేటప్పుడు, మడతపడి వేళ్ల మీదికి రావొచ్చు. పైగా కత్తెర, సీసా మూత తీసేది అంటూ పక్కనున్న ప్రతి పనిముట్టూ రసం దాచుకునే గూడే. కొంటే పనిముట్లు తక్కువున్నది కొనండి. మీ పనికి నేనైతే ఒపినెల్ వైపే మొగ్గుతాను.

లాక్ సంగతి వచ్చింది కాబట్టి మీ బొటనవేలి కుట్ల దగ్గరికి వద్దాం. అన్న ఇచ్చిన చాకులో పిడి లోపల ఒక పల్చటి లోహపు పట్టీ బ్లేడు మడమకు, అంటే పిడి వైపు కొసకు, అడ్డం పడి ఆపుతుందని మీరు వర్ణించారు. దాన్ని లైనర్ లాక్ అంటారు. మూయాలంటే ఆ పట్టీని బొటనవేలితో పక్కకు నెట్టాలి. అంటే బ్లేడు వచ్చే దారిలోనే వేలు ఉంటుంది. చెయ్యి మామిడి రసంతో జారుతూ, బ్లేడు బంకగా ఉండి ఒక్కసారిగా వదిలినప్పుడు ఏం జరుగుతుందో మీకు తెలుసు. అలాంటి చాకును మూయాలంటే పట్టీని నెట్టి, రెండో చేత్తో బ్లేడు వెన్ను పట్టుకుని ఒక అంగుళం దించి ఆపి, బొటనవేలు పూర్తిగా తీసి, అప్పుడు మిగతాది మడవాలి. చెయ్యి తుడుచుకోకుండా ఎప్పుడూ మూయొద్దు. రింగు ఉన్న చాకులో వేలు ఎప్పుడూ బ్లేడు దారిలోకి రాదు. రింగు తిప్పాక పిడిని ఒక చేత్తో, బ్లేడు వెన్నును ఇంకో చేత్తో పట్టి మడుస్తాం.

అత్తగారు చాకును చేతి నుంచి చేతికి ఇవ్వనివ్వరని, కింద పెడితేనే తీసుకోమంటారని విసుగ్గా రాశారు. తెరిచిన చాకు విషయంలో ఆమె మాటే వినండి. కారణం ఏదైనా, పద్ధతి మంచిది.

మీవారి ఆలోచనను కొట్టిపారెయ్యలేం, దాని లెక్క మాత్రం ఇది. కోసిన పండు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. ఏప్రిల్, మే నెలల్లో బస్సులో పెట్టిన డబ్బా మధ్యాహ్నం ఒంటిగంటకు తెరిస్తే అది తినదగ్గది కాదు, షుగరున్న పెద్దాయనకు అసలే వద్దు. ఐసు ప్యాకు పెట్టిన చిన్న కూల్ సంచీ ఉంటే సరే, అప్పుడు చాకు గొడవే లేదు. ఆపిల్, జామ రంగు మారకుండా నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి తీస్తే చాలు. దానిమ్మ గింజలు, ఒలిచిన కమలా తొనలు లాంటివి చాకు తగలకుండానే వెళ్తాయి, కానీ ఇవీ ఆ రెండు గంటల లెక్కలోవే. చలికాలంలో ఉదయం, కోసిన రెండు గంటల్లోపు తినిపించేదానికి మీవారి పద్ధతి, మధ్యాహ్నానికి మీ చాకు అని పంచుకోవచ్చు.

"ఎవరన్నా చూస్తే" అన్న భయానికి: ఆయుధాల నిబంధనల్లో లెక్కకు వచ్చేవి బ్లేడు 9 అంగుళాలకు మించి పొడవున్నవి, లేదా 2 అంగుళాలకు మించి వెడల్పున్నవి. అందులోనూ ఇంటి పనికి, సేద్యానికి చేసినవి మినహాయింపు. మీ మూడంగుళాల పండ్ల చాకు ఆ దరిదాపుల్లో లేదు. అయినా ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి వద్దంటే వాదించకుండా అక్కడ ఇచ్చి, వచ్చేటప్పుడు తీసుకోండి. వందరూపాయల చాకు ఇవ్వడానికి మనసు రాదా? రెండు వేలదైతే వస్తుందేమో చూడండి! కొండకు వెళ్లే రోజున మాత్రం సంచీలోంచి తీసి ఇంట్లో పెట్టండి, అలిపిరి దగ్గర సామాను తనిఖీలో ఆగాల్సి వస్తుంది.

కోసే పద్ధతిలో చిన్న మార్పు చాలు. చిన్న చాకులకు వంటింటి పెద్ద కత్తికి ఉన్నట్టు కిందికి దిగే మడమ ఉండదు, అందుకే పలక మీద కోస్తే వేలి కణుపులు పలకకు తగులుతాయి, కింది పొర తెగక ముక్కలన్నీ మాలలా వేలాడతాయి. పలక అంచుకు పండును జరిపి, పిడి ఉన్న చెయ్యి అంచు బయట గాల్లో ఉండేలా పెట్టి, నొక్కకుండా మీ వైపు లాగుతూ కొయ్యండి. పలకంటే సంచీలో పట్టేలా కత్తిరించిన వంగే ప్లాస్టిక్ షీటు. టిఫిన్ డబ్బా స్టీలు మూత మీద కోస్తే నాలుగు రోజుల్లో పదును పోతుంది, గాజు, పింగాణీ అయితే ఇంకా తొందరగా. జామను నాలుగు పాయలు చేసి, ఒక్కో పాయను తొక్క కిందికి ఉండేలా పట్టుకుని, గింజల ముద్ద కింద మొనను పడుకోబెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకు తెడ్డులా తొయ్యండి. ముద్ద చెక్కుచెదరకుండా లేచి వస్తుంది. మిగిలిన కండను 2 మిల్లీమీటర్ల పొరలుగా అడ్డంగా కోస్తే కట్టుడు పళ్లకు ఇబ్బంది ఉండదు. మామిడికి టెంక పక్కనే చెంప తీసి, తొక్క మీదే 3, 4 మిల్లీమీటర్ల ముక్కలు గీసి, చెంచాతో తొలిస్తే చాకు మళ్లీ ముట్టక్కర్లేదు. సొన సంగతి చిత్తూరోళ్లకు నేను చెప్పాలా.

ఇంటికొచ్చాక మడత చాకైతే పూర్తిగా తెరిచి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో మడత గూట్లో రుద్దండి. ప్లాస్టిక్ పిడిదైతే ఆ నీళ్లలోనే పదిసార్లు తెరిచి మూయండి, కొయ్య పిడిదైతే బ్రష్ తడి మాత్రమే తగలాలి. విదిలించి, తెరిచే ఉంచి రాత్రంతా ఆరబెట్టండి. మడత కీలు మీద ఒక్క చుక్క నూనె వెయ్యాలి. ఇక్కడే అందరూ పొరబడతారు. కొబ్బరి నూనె చలికి గడ్డకడుతుంది, వేరుసెనగ నూనె, నువ్వుల నూనె కొన్ని వారాల్లో జిగురుగా మారతాయి. కుట్టుమిషను నూనె తిండికి పనికిరాదు. మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ అడగండి, చిన్న సీసా ఏళ్లు వస్తుంది. అన్న ఇచ్చినదానికి ఈ పులిసిన వాసన పోగొట్టే పని ఇవాళే చెయ్యండి.

సానకు 1000 నంబరు రాయి ఒకటి చాలు. నీళ్లతో తడిపి, బ్లేడు వెన్ను కింద రూపాయి బిళ్లలు మూడు పేర్చి ఆ ఎత్తు చూసుకోండి. 2 సెంటీమీటర్ల వెడల్పు బ్లేడుకు అది దాదాపు 13 డిగ్రీలు, నాలుగు బిళ్లలైతే 17. పల్చటి పండ్ల చాకుకు ఈ మధ్యలో ఎక్కడైనా బాగుంటుంది. బిళ్లలు తీసేసి అదే ఎత్తులో, మడమ నుంచి మొన దాకా, ఒక పక్క పదిహేను సార్లు తొయ్యండి. రెండో పక్క వేలితో అంచుకు అడ్డంగా తాకితే సన్నటి గరుకు పొర తగలాలి. తగిలితేనే రెండో పక్కకు తిప్పాలి, తగలకపోతే ఇంకా అంచు దాకా రాలేదన్నమాట. చివర్లో ఒక్కో పక్క ఒక్కోసారి, చేతి బరువు లేకుండా నాలుగైదు సార్లు. పండిన టమాటా మీద నొక్కకుండా లాగితే తొక్క తెగాలి. రాయి లేనిరోజున పింగాణీ కప్పు తిరగేసి, అడుగున మెరుపు లేని గరుకు వలయం మీద నాలుగుసార్లు రాసినా ఆ పూటకు గడుస్తుంది. వీధిలో చక్రం మీద సాన పట్టేవాళ్లకు పల్చటి చాకు ఇవ్వకండి. నిప్పురవ్వలు లేచే వేడికి అంచు నీలం తిరిగిందంటే ఆ మేర లోహం మెత్తబడినట్టే, పదును నిలవదు. అన్న చాకును అరగదీయించి పల్చన చేద్దామనే ఆలోచనా ఇందుకే వద్దు, పూతా పోతుంది, చాకూ పోతుంది.

దాన్ని ఏం చెయ్యాలంటే, పూతలపట్టు దగ్గర మామగారి రెండెకరాల తోట ఉందని రాశారు కదా. గోనెసంచుల కుట్లు విప్పడానికి, నారతాళ్లు, డ్రిప్ పైపులు కొయ్యడానికి, ప్లాస్టిక్ క్రేట్ల కట్లు తెంచడానికి 4 మిల్లీమీటర్ల బ్లేడు హాయిగా పనిచేస్తుంది, అంచు విరగదు. కాయల కాలంలో తోటలో అది రోజూ చేతిలో ఉంటుంది. మూసే పద్ధతి మాత్రం వాడే మనిషికి నేర్పి ఇవ్వండి.

అన్నకు చెప్పడంలో మూడు దారులున్నాయి. ఏమీ అనకుండా ఆయన వచ్చినప్పుడు చాకును మామిడిపండు పక్కన పెట్టొచ్చు. ఆయనే కోసి, ఆయనే తెలుసుకుంటారు. కానీ కుట్లు పడ్డ సంగతి పిల్లల నోట వింటే "నాకెందుకు చెప్పలేదు" అన్న బాధ చాకు బాధకు మించుతుంది. రెండు, ఆయన ఉన్నన్నాళ్లూ దాంతోనే కోస్తూ సర్దుకోవచ్చు. అప్పుడు వచ్చే ఏడు ఇంకా పెద్దది తెస్తారు. మూడోది, ఈ వారమే ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పడం: "అన్నా, తోటలో భలే పనికొస్తోంది, మామ పండ్లకు మాత్రం మందం ఎక్కువైంది, ఒకసారి వేలు తెగింది." ఒక నిమిషం ఇబ్బందిగా ఉంటుంది. మీరు ఫోన్లో చెప్పిన "బ్రహ్మాండం" గురించి నవ్వుకుంటారు కూడా. ఆ వెంటనే "మరి ఏం తేవాలి" అనే అడుగుతారు, పేరు, నంబరు చెప్పండి: ఒపినెల్, 7 లేదా 8, ఇనాక్స్ అని చెక్కినది. చేతి సంచీలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో పెట్టమనండి, లేకపోతే విమానాశ్రయంలోనే ఉండిపోతుంది. ఈలోపు వేలూరు ప్రయాణానికి వంద రూపాయల పండ్ల చాకు, టూత్‌బ్రష్ డబ్బా.